నాలుగు వందల తలల్లో ఒకే బొమ్మ

"నా దేశం" అన్న మాట వినగానే తెలుగువాళ్ల తలల్లో ఏ దృశ్యం కదులుతుందో యంత్రం తేల్చి చెప్పిన రోజున, ఆ ఫలితాన్ని అందరికంటే ముందు చూడమని చిత్రకారుడు అప్పలసూరికి కబురు వచ్చింది. అందులో వింతేమీ లేదు. ముప్ఫై ఏళ్లుగా ప్రభుత్వ కార్యాలయాల గోడల మీద, తపాలా బిళ్లల మీద, బడిపిల్లల నోటుపుస్తకాల అట్టల మీద ఉన్నది ఆయన వేసిన 'ఉదయకనుమ'. తూర్పు కనుమల వెనక పొద్దు పొడుస్తున్న ఆ తైలవర్ణ చిత్రాన్ని చూపించి, మన నేలంటే ఇదీ అని మంత్రులు ఉపన్యాసాలిచ్చారు. అరవై ఆరేళ్ల అప్పలసూరి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బొబ్బిలి అంచు కండువా భుజాన వేసుకుని, ఆటోలో కొండెక్కాడు.

విశాఖలో సముద్రం వైపు కొండవాలున ఉంది ఆ దృశ్యస్మృతి పరిశోధనశాల. దాని పెద్ద డాక్టర్ నఫీసా, కర్నూలు అమ్మాయి, నలభై దాటలేదు. ఆమె కట్టిన యంత్రానికి కాగితాల మీద మూరెడు పేరుంది గానీ అక్కడి పనివాళ్లు దాన్ని చూపుపెట్టె అంటారు. తలకి తడిగుడ్డలాంటి టోపీ తొడుగుతారు. చెవిలో ఒక మాట వినిపిస్తారు. ఆ మాటకి మెదడులో రేగిన చూపుని పట్టుకుని పెట్టె తెర మీద గీస్తుంది. ఢిల్లీలో కొత్తగా కడుతున్న జాతీయ దృశ్యభవనంలో భాషకొక గోడ కేటాయించారు. ఆ భాషవాళ్లు నిజంగా మనసులో మోస్తున్న దేశాన్నే దాని మీద చిత్రించాలని నిర్ణయం. తెలుగు గోడకి 'ఉదయకనుమే' వస్తుందని, పరీక్ష ఉత్త లాంఛనమని ఢిల్లీవాళ్లు కూడా అనుకున్నారు.

నఫీసా కుర్చీ జరిపి, మంచినీళ్లు ఇచ్చింది.

"ఎంతమందిలో వచ్చిందమ్మా నాది?" అప్పలసూరే అడిగాడు.

"పదకొండు మందిలో సార్."

"నాలుగు వందల పన్నెండు మందిలోనా?"

"అవును సార్. ఆ పదకొండు మందీ గవర్నమెంటు ఉద్యోగులే. ఏళ్లపాటు దాని కింద కూర్చుని పనిచేసినవాళ్లు." ఆమె గొంతు తగ్గించింది. "మూడు వందల అరవై మందిలో వచ్చింది వేరే ఒకటి. దాదాపు ఒకేలా. రెండు రాష్ట్రాల్లోనూ. మేం నమ్మలేక మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాం."

తెర వెలిగింది. అన్ని తలల్లోంచి వచ్చిన బొమ్మల్నీ కలిపి తీసిన సగటు బొమ్మ కాబట్టి పొగమంచులోంచి చూసినట్టుంది. ఎడమపక్క ఒకదాని మీద ఒకటి ఎత్తినట్టు మూడు గుండ్రాళ్లు. వాటి వెనకనుంచి వంపు తిరిగి వస్తున్న ఏరు. ఒడ్డున రెండు తాటిచెట్లు, అందులో ఒకటి వంగి ఉంది. మధ్యలో జొన్నచేను. దూరాన నీలికొండలు. చేని గట్టున కాలిబాట మీద గొడుగు పట్టుకుని నడిచిపోతున్న ఒక పిల్ల. వీపు మాత్రమే కనిపిస్తోంది.

అప్పలసూరి కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"ఇది ఎక్కడో ఎవరికీ తెలియట్లేదు సార్. కాశీబుగ్గ నుంచి జోగారావు గారని రిటైరైన సుబేదారు వచ్చారు, మా ఊరి వెనకాలే అన్నారు. కదిరి నుంచి వచ్చినామె మా దారిలోనే అంది. భువనగిరాయన తను చిన్నప్పుడు ఆ బండలెక్కి ఆడుకున్నానన్నాడు. అందరి ఊళ్లకీ వెళ్లి వెతికాం. ఎక్కడా లేదు. నా తలలో మాత్రం ఇది రాలేదు, మా కోట బురుజు వచ్చింది. మీరు ఇన్నేళ్లుగా కొండలూ ఏళ్లూ గీస్తున్నారు. ఈ బొమ్మ ఎవరిదైనా అయి ఉంటుందా?"

అప్పలసూరికి తెలుసు. అది నలభై ఏళ్ల కిందటి మూడో తరగతి తెలుగు వాచకంలో మొదటి పేజీ. గీసింది ఆయన భార్య వరహాలమ్మ. విజయనగరంలో అద్దెగదిలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, వంటింటి గచ్చు మీద బోర్లా పడుకుని ఇండియన్ ఇంకుతో గీసింది. ఆయన గుమ్మంలో నిలబడి, "ఏటది, కలగూరగంపలాగుంది?" అని నవ్వాడు కూడా.

"తెలీదమ్మా," అన్నాడు. "ఏ కేలండరు బొమ్మో అయ్యుంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు వేసింది మాత్రం కాదు."

"అలాగా." నఫీసా నిరాశపడింది. "ఢిల్లీవాళ్లు ఒక మాట అడగమన్నారు సార్. ఏ బొమ్మ వచ్చినా గోడ మీద పెద్దగా వేయాల్సింది మీరేనట. అసలు ఎవరిదో తేలకపోతే జానపదమని రాసి, కింద మీ పేరు వేస్తారట."

"చూద్దాం," అన్నాడు అప్పలసూరి. చూద్దామన్నాడు గానీ, వేయనని అనలేదు.

*

పెదవాల్తేరులో వాళ్ల ఇంటికి ఉత్తరం వైపు ఒక్కటే పెద్ద కిటికీ. బొమ్మలు వేయడానికి ఆ వెలుతురే మంచిది. ఇద్దరూ చిత్రకళాశాలలో ఒకే క్లాసు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఒక కిటికీ ఇద్దరికి చాలదని అప్పలసూరే అన్నాడు. వరహాలమ్మ మారు మాట్లాడకుండా వంటింట్లోకి మారింది, మునిసిపల్ స్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరింది, ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి రిటైరైంది.

ఆయన వచ్చేసరికి ఆమె పెరటి అరుగు మీద చింతచిగురు ఏరుతోంది.

"ఏటలగున్నావు? వచ్చీసిందా నీ కొండ వాళ్ల పెట్టెలోకి?" అంది.

"ఇంకా లెక్కలు తేలలేదు." కుర్చీలో కూలబడ్డాడు. కొంతసేపటికి ఉండబట్టలేక, "వరాలూ, నువ్వు వాచకాలకి బొమ్మలేసీదానివి, గుర్తుందా?" అన్నాడు.

"గుర్తులేకేటి? కప్ప జీర్ణకోశం కూడా వేశాను."

"మూడో తరగతిది. మొదటి పేజీ."

"ఓ, అదా." చిగురులోంచి ఒక పుల్ల తీసి పారేసింది. "అందులో పేరైనా వెయ్యలేదు. ఇప్పుడెందుకు?"

"ఏం లేదు. ఊరికే."

ఆమె మళ్లీ చిగురులో పడిపోయింది. ఆ నిర్లక్ష్యమే అప్పలసూరిని కాల్చింది. తను నలభై ఏళ్లు కొండలెక్కాడు. కంచికచర్ల ఎండలో, పాడేరు మంచులో నిలబడి గీశాడు. తన బొమ్మని దేశం గోడలకెక్కించుకుంది, పదకొండు మంది మాత్రమే తలకెక్కించుకున్నారు. ఈవిడ పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఒక పూటలో గీసి, మర్చిపోయింది. అది మూడు వందల అరవై మంది కళ్ల వెనక కూర్చుంది. మూడు వందల అరవై అంటే మొత్తం మీద ఎన్ని లక్షలు? ఏ చాయ్ దుకాణంలో కూర్చున్నవాళ్లని తలచుకున్నా, వాళ్ల తలల్లో వరహాలు గీసిన తాటిచెట్టు వంగి ఉంటుంది. ఆ ఊహ ఆయన్ని భోజనం చేయనివ్వలేదు.

మర్నాడు ఉదయం ఆమె కూరగాయలకి వెళ్లగానే అప్పలసూరి అటక మీద రేకుపెట్టె దించాడు. అడుగున ఉంది ఆ వాచకం, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్రతి. మొదటి పేజీ చించాడు. పెరట్లో ఎండుటాకులు పోగేసి అంటించిన మంట ఇంకా ఆరలేదు. కాగితం అంచుల నుంచి ముడుచుకుంటూ కాలింది. పుస్తకాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేసి, చేతులు కడుక్కున్నాడు. సిగ్గుగా అనిపించింది. ఆ సిగ్గుతో పాటు, ఏళ్ల తరబడి లేనంత తేలికగా కూడా అనిపించింది.

*

వారం తిరక్కుండా మళ్లీ కొండెక్కాడు.

"నన్నూ చదవండి," అన్నాడు నఫీసాతో.

"మీరెందుకు సార్?"

"నా తలలోనైనా నా బొమ్మ ఉంటుంది కదా. లెక్కలో పన్నెండోవాణ్ణి అవుతాను." నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఆమె కాదనలేకపోయింది. టోపీ తొడిగారు, చల్లగా తగిలింది. చెవిలో ఎవరిదో ఆడగొంతు, "నా దేశం" అంది.

ఆయన బలవంతంగా తూర్పు కనుమలని తలచుకున్నాడు. పొద్దు పొడుపుని, తను కనిపెట్టానని గర్వపడే ఆ ఇటుకరంగుని తలచుకున్నాడు. పెట్టెకి ఆ బలవంతంతో పనిలేదు. మాట వినపడ్డ మొదటి లిప్తలో లేచినదాన్నే అది పట్టుకుంది.

తెర మీద మూడు గుండ్రాళ్లు లేచాయి. ఏరు, తాటిచెట్లు, జొన్నచేను. మిగతా అందరి బొమ్మలూ మసగ్గా ఉంటే ఈ బొమ్మలో సిరాగీత సన్నదనం దగ్గర్నుంచి కనిపిస్తోంది. గొడుగు పట్టుకున్న పిల్లకి మోకాళ్లదాకా జడ ఉంది. ఆ జడ ఇరవై నాలుగేళ్ల వరహాలుది. కుడివైపు అంచున ఒక చెయ్యి, పెన్ను పట్టుకుని ఇంకా గీస్తోంది. మణికట్టుకి రెండు మట్టిగాజులు.

అప్పలసూరి టోపీ తనే లాక్కుని తీసేశాడు.

"ఎవరిది సార్ ఆ చెయ్యి?" నఫీసా నెమ్మదిగా అడిగింది.

"చిన్నప్పుడు మా డ్రాయింగు మేష్టారిది."

"గాజులతోనా సార్?"

ఆయన బయటికొచ్చేశాడు.

ఆటో దిగువకి దిగుతోంది. ఎదురుగా యారాడ కొండ. ఎప్పుడు చూసినా గుండెలో ఒక తీగ కదిలేది ఆయనకి, ఇది నాది అనిపించేది. ఇప్పుడు అటు చూస్తే రాయి కనిపించింది, తుప్పలు కనిపించాయి, దాని కింద నీళ్లు కనిపించాయి. అలసటేమో అనుకున్నాడు. మర్నాడు కాన్వాసు ముందు కూర్చున్నాడు. రంగులు తెలుస్తున్నాయి. ఏది దూరం, ఏది దగ్గర, అన్నీ తెలుస్తున్నాయి. ఎవరో పరాయివాళ్ల స్థలానికి కొలతలు తీస్తున్నట్టుంది. మూడు రోజులు అలాగే కూర్చున్నాడు, కుంచె తడపలేదు.

*

నాలుగో రోజున నఫీసా తనే ఇంటికొచ్చింది. వెంట ఒక పొడుగాటి మనిషి. నెరిసిన మీసం, నిటారైన నడుం. సుబేదారు జోగారావు ఆయనే. వరహాలమ్మ ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది.

"సార్, ఈయన చెప్పేది ఒకసారి వినండి," అంది నఫీసా. ఆమె కళ్లు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి.

జోగారావు గొంతు సవరించుకున్నాడు. "ఆగస్టు పదిహేన్న మా బళ్లో జెండా ఎగరేసినారు బాబూ. నన్నే పిలిసినారు. సెల్యూట్ కొట్టినాను. సెయ్యి లేసింది గానీ లోపల ఏటీ లేవలేదు. ఇరవయ్యెనిమిదేళ్లు మంచులో కాపలా కాసినాను. అక్కడ కళ్లు మూసుకుంటే ఆ బండలు, ఆ ఏరు కనపడీవి. ఆ గొడుగు పిల్ల మా పాపే అనుకునీవోణ్ణి. దానికి దారిలో ఎవడూ అడ్డం రాకూడదని కాసినాను. ఈ పెట్టెలో తల పెట్టిన కాణ్ణుంచి ఆ పిల్ల నాకేటీ కాదు. బొమ్మ గుర్తుంది, మనిషి పరాయిదైపోనాది." ఆయన అరచేతులు మోకాళ్ల మీద బోర్లించుకున్నాడు. "మా ఆవిడకి సెప్పుకోలేదు. నవ్వుతాదని."

"తప్పు నాదే సార్," అంది నఫీసా. "జ్ఞాపకాన్ని బయటికి తీసినప్పుడు అది పచ్చికుండలా మెత్తబడుతుంది. మళ్లీ గట్టిపడేలోగా మా పెట్టె దాన్ని గట్టిగా లాగేసింది. రూపం మిగిలింది, దాన్ని పట్టుకుని ఉన్న మమకారం ఊడిపోయింది. ఫోన్లు చేసి అడిగితే అందరూ ఇదే చెబుతున్నారు. పరీక్షలు ఆపేశాను. వాళ్లు మొట్టమొదట చూసిన అసలు బొమ్మ దొరికితే మళ్లీ అతుక్కోవచ్చు. అదే కాగితం, అదే గీత కావాలి. మా తెర మీది సగటు బొమ్మ పనికిరాదు." ఆయన వైపు వంగింది. "మీరు ఆ బొమ్మ గీస్తుండగా చూశారు సార్. ఎవరిదో చెప్పండి."

అప్పలసూరి జోగారావు చేతుల వైపు చూశాడు. ఆ చేతులు పడుతున్న బాధ ఆయనకి తెలుసు, నాలుగు రోజులుగా ఆయనా పడుతున్నాడు. ఒక్క పేరు చెబితే చాలు. నోరు తెరిచాడు. ఆ పేరు పత్రికల్లో, గోడ కింద, మంత్రుల నోట్లో వినిపించడం ముందే చెవిలో పడింది. కిటికీ దగ్గర తను, వంటింట్లో ఆవిడ, చూడ్డానికి వచ్చినవాళ్లంతా తనని దాటుకుని వంటింటి వైపు నడవడం కనిపించింది.

"నాకు గుర్తులేదమ్మా," అన్నాడు.

వరహాలమ్మ ఆ మాట వింటూనే గ్లాసులు తెచ్చింది. నఫీసా చేతిలోని పలక మీద తెర వెలుగుతోంది. వంగి గ్లాసు అందిస్తూ ఆమె దాని వైపు చూసింది.

"ఇది నా బొమ్మ కదూ?" అంది. "వాచకంలోది. ఇంత మసక్కొట్టుకుపోయిందేటి?" భర్త వైపు తిరిగింది. "మొన్న నువ్వడిగింది దీని గురించేనా సూరీ?"

ఆయన గ్లాసు అందుకుని బల్ల మీద పెట్టాడు.

నఫీసా లేచి నిలబడింది. "అమ్మా, ఆ పుస్తకం ఉందా మీ దగ్గర?"

"ఉండాలి, అటక మీద." ఆమె లోపలికి వెళ్లింది. పెట్టె జరుపుతున్న చప్పుడు వినపడింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వాచకం పట్టుకుని వరండాలోకి వచ్చి, తెరిచి, బల్ల మీద పెట్టింది. పుస్తకమంతా పసుపెక్కి ఉంది. మొదటి పేజీ ఉండాల్సినచోట చిరుగు అంచు తెల్లగా, కొత్తగా ఉంది.

ముగ్గురూ అప్పలసూరి వైపు చూశారు. ముందుగా కళ్లు దించుకున్నది జోగారావు. పరాయివాడి సిగ్గు చూడకూడదనుకునే మర్యాదస్థుడు ఆయన.

*

పత్రికల్లో ప్రకటన వేసింది వరహాలమ్మే. మూడో తరగతి పాత వాచకం ఎవరి ఇంట్లోనైనా ఉంటే పంపమని, చదివాక తిరిగి ఇస్తామని రాసింది. పదిహేను రోజుల్లో ఏడు ప్రతులు వచ్చాయి. ఒకటి పార్వతీపురం మేష్టారిది. ఒకటి నల్గొండలో కిరాణాకొట్టు అటక మీద దొరికింది. ఒకదాని మీద ఎవరో పిల్లాడు ఆ గొడుక్కి ఎర్రరంగు వేశాడు.

మొదట పిలిచింది జోగారావునే. పరిశోధనశాలలో కిటికీ పక్కన బల్ల మీద పుస్తకం పెట్టారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీ చూశాడు. వేలితో కాలిబాట పొడుగునా తడిమాడు. పేజీకి ముక్కు ఆనించి వాసన చూశాడు. ఏమీ అవలేదు. మళ్లీ మొదటినుంచి, పిల్లాడు చదివినట్టు, బొమ్మ కింది రెండు వాక్యాలు పైకి చదివాడు. మూడోసారి చదువుతుండగా సగంలో ఆగి, గొడుగు పిల్ల మీద వేలు ఉంచాడు.

"పాప ఇంటికెల్తంది," అన్నాడు. పక్కనున్న వరహాలమ్మకి రెండు చేతులూ జోడించాడు.

ఆ తర్వాతి నెలల్లో రెండు వందల అరవై మందికి ఆ మమకారం తిరిగి వచ్చింది. మిగతావాళ్లకి రాలేదు. నఫీసా వాళ్ల పేర్లు గోడకి అంటించుకుని, ఒక్కొక్కరినీ నెలనెలా పిలుస్తూనే ఉంది. చూపుపెట్టె టోపీని కత్తిరించి పారేసింది. తిరిగి రానివాళ్లలో అప్పలసూరి ఒకడు. ఏడు ప్రతులూ చూశాడు. కింది వాక్యాలు పైకి చదివాడు. అది మంచి బొమ్మ అని మాత్రం మొదటిసారిగా తెలిసింది. జడ ఉన్న ఆ పిల్లని వెతికాడు. వాచకంలో జడ లేదు. అది ఆయన తలలో మాత్రమే ఉండేది, పెట్టె లాగేసింది.

చిరుగు బయటపడ్డ రోజునుంచే ఇంట్లో వరహాలమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఇద్దరికీ వండేది, తన కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయేది. ఇరవై రోజులయ్యాక ఒక సాయంత్రం అరుగు మీద ఆమెకి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఏదైనా అను," అన్నాడు.

"ఏటనాలి? నామీద కుళ్లుకున్నావు. సర్లే, ఒకే చదువు చదివాం, కుళ్లు పుడితే పుట్టింది. పేజీ కాల్చీసినానని నువ్వే చెప్పావు, అదీ సర్లే, నీ కొంపలోదే కాల్చావు. ఆ సుబేదారు ఎదురుగా కూకుని గోడు చెప్పుకుంటంటే కూడా గుర్తులేదన్నావే. అది నేను మింగలేకపోతన్నాను సూరీ."

ఆయన తల వంచుకున్నాడు. "ముప్ఫై ఏళ్లుగా అందరి కళ్లల్లో ఉన్నది నా కొండే అనుకున్నాను."

"నీ కొండ మంచిదే. నువ్వు అరకు దగ్గర ఒక కొండ చూసి దాన్నే వేశావు. కదిరి పిల్లకి అది చుట్టాలూరులాగుంటాది." ఆమె కంచం పక్కకి జరిపింది. "నేను గొప్పగా ఆలోచించి వేశానని అనుకోకు. వారంలో కావాలన్నారు. కమిటీలో కోస్తాయన తాటిచెట్టు లేకపోతే ఒప్పుకోనన్నాడు. పాలమూరాయన బండరాళ్లుండాలన్నాడు. సీమ నుంచొచ్చినావిడ జొన్నచేను వేస్తావా లేదా అంది. ఎవర్ని కాదంటే ఆ పిల్లలు, ఇది మాది కాదేమో అనుకుంటారని అన్నీ పెట్టీసినాను. అలాటి చోటు ఎక్కడా లేదు. పిల్లకి ముఖం వెయ్యడానికి టైము చాల్లేదు, వెనక్కి తిప్పీసినాను."

అప్పలసూరి తలెత్తి ఆమె వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఆయన ఆ బొమ్మలో గొప్పదనం ఎక్కడుందో వెతికి, దొరక్క మరింత అసూయపడ్డాడు. ఇప్పుడు దొరికింది. ఇలాంటిది తను ఈ జన్మలో గీసేవాడు కాదని కూడా అర్థమైంది. నచ్చని చెట్టుని కమిటీ కోసం బొమ్మలో పెట్టనిచ్చేవాడు కాదు.

"ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది," అంది వరహాలమ్మ. "గోడ నన్నే వెయ్యమన్నారు. నలభై అడుగుల గోడ. నా మోకాళ్లతో మెట్లెక్కలేను. నువ్వు రా. నేను చెప్పినట్టు వెయ్యాలి. రంగు మార్చకూడదు, నీ పొద్దుపొడుపు అందులో దూర్చకూడదు."

"నన్నే ఎందుకు?"

"బండరాళ్లు నీకంటే బాగా ఎవలేస్తారు? మనిషివి మంచోడివి కాదు గానీ చెయ్యి మంచిది." కంచం తీసుకుని లేచింది. ఆ రోజు మాత్రం పెరట్లోకి కాకుండా లోపలికి నడిచింది.

*

ఢిల్లీలో మాఘమాసపు చలి. భవనం ఇంకా పూర్తవలేదు, ఒక పక్క కూలీలు ఇసుక మోస్తూనే ఉన్నారు. వరహాలమ్మ శాలువా కప్పుకుని గోడకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. చేతిలో వాచకం. అప్పలసూరి పరంజా మీద నిలబడి, ఆమె చెప్పినట్టు వేసేవాడు.

"ఆ తాటిచెట్టు ఇంకాస్త వంచు."

"ఇంత వంగితే పడిపోతుంది వరాలూ."

"పడదు. నలభై ఏళ్లుగా పడలేదు."

వేస్తున్నంతసేపూ ఆయనకి లోపల ఏ దేశమూ కదల్లేదు. గుండ్రాళ్ల నున్నదనం, ఏటి వంపు, అన్నీ పరాయివాళ్ల ఇంట్లో సామాను సర్దినట్టు సర్దాడు. ఆ పెట్టె ఆయన కొండల్ని లాక్కుపోయింది, భార్య జడని లాక్కుపోయింది. అసూయని మాత్రం ముట్టుకోలేదు. ప్రతి ఉదయం కుంచె తడుపుతుంటే అది ఆయనకంటే ముందే లేచి కూర్చుని ఉండేది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే రాళ్లు వేశాడు, చేను వేశాడు. గొడుగు పిల్ల దగ్గరికి వచ్చాక పరంజా దిగి, వరహాలమ్మ చెయ్యి పట్టుకుని నాలుగు మెట్లు ఎక్కించాడు. ఆమె గీస్తున్నంతసేపూ కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఆమెకి గంట పట్టింది. ఈసారి టైము ఉంది, అయినా ముఖం వేయలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ కూలీలు గోడ దగ్గర గుమిగూడారు. పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. తలమీద ఇటుకల చుట్టకుదురు ఇంకా తీయని ఒకామె, యాభై దగ్గర పడ్డ మనిషి, ముందుకొచ్చి గోడని కిందనుంచి పైదాకా చూసింది. ఆమె పేరు చెన్నమ్మ అని పక్కవాళ్లు పిలవడం వినపడింది.

"ఓ సారూ, గిది మా ఊరే," అంది. "గా బండలు మా తానవే. మా తాత గొర్లు కాసిన జాగ. ఈడికెట్ల దెచ్చిండ్రు?"

"నీదేడిది? మా అచ్చంపేట దగ్గరిది," అన్నాడు వెనకనుంచి ఒకతను. ఇద్దరు ముగ్గురు గొడవకి దిగారు.

చెన్నమ్మ వాళ్లని పట్టించుకోలేదు. గొడుగు పిల్ల దగ్గరగా వెళ్లి, రంగు ఆరలేదేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను మూడో తరగతి దాంక్నే సదివిన సారూ. ఆడికే బందు బెట్టిచ్చిండ్రు. గీ పోరిని జూస్తె ఏడుపొస్తుంది, ఎందుకో." కొంగుతో కళ్లు తుడుచుకుని అప్పలసూరి వైపు తిరిగింది. ఆయన చొక్కా నిండా రంగులున్నాయి. చేతిలో కుంచె ఉంది. "మీరే ఏసిండ్రా గీ బొమ్మ?"

వరహాలమ్మ దూరంగా కుర్చీలో కూర్చుని, మోకాలు పట్టుకుని రుద్దుకుంటోంది. ఆమెకి ఈ మాటలు వినపడవు. అవునన్నా ఎవరూ కాదనరు.

అప్పలసూరి చేతిలోని కుంచె వైపు చూశాడు. దాన్ని రంగుడబ్బాలో పెట్టాడు.

"కాదమ్మా," అన్నాడు. "మా ఆవిడ వేసింది. అదిగో, అక్కడ కూర్చుంది. వెళ్లి చెప్పు."